ఇంటి సబ్బునీరు, చెరువులోని చిన్న ప్రాణులు: వ్యవసాయ శాస్త్రం పట్టించుకోవలసిన విషయం

తెలుగునాట బట్టలుతికే పొడి ఏ కంపెనీది అయినా పల్లెజనం దానిని ‘సర్ఫు’ అనే అంటారు. 1959లో భారతదేశపు విపణిలోకి వచ్చిన ఒక వ్యాపారనామం ఇలా సామాన్యనామంగా స్థిరపడిందంటే ఆ వస్తువు మన గృహజీవనంలో ఎంతగా ఇమిడిపోయిందో తెలుస్తుంది. 1969లో అహమ్మదాబాదులో పుట్టిన నిర్మా పొడి తన చౌక ధరతో ఈ వాడకాన్ని కూలివారి ఇళ్లకు సైతం చేర్చింది. అంతకు ముందు ఈ పనిని చవుడు మట్టి, బట్టల సోడా, కుంకుడుకాయ, కట్టెబూడిద చేసేవి. ఇప్పుడు బట్టలకు పొడి, గిన్నెలకు సబ్బుబిళ్ల, నేల తుడవడానికి ఒక ద్రవం, స్నానాలగదికి మరొక ద్రవం ప్రతి ఇంటా కనిపిస్తున్నాయి.

ఈ వాడకాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పిల్లల విరేచనాలు, చర్మవ్యాధులు తగ్గడంలో సబ్బుకు ఉన్న పాత్ర తక్కువది కాదు. ఉతికిన నీరు చేరే చోటును గురించి మాత్రమే ఇక్కడ చర్చిస్తున్నాను. చాలా ఊళ్లలో ఆ చోటు చెరువు, కుంట లేదా పంటకాలువ. ఈ మూడూ సాగునీటి వనరులే. అయినప్పటికీ డిటర్జెంట్ల విషప్రభావాన్ని మనం పర్యావరణ, జంతుశాస్త్ర విభాగాల పాఠ్యాంశంగా వదిలివేశాము. సాగునీటి పరీక్షకు వచ్చిన సీసాలో ఉదజని సూచిక, లవణ సాంద్రత, సోడియం శోషణ నిష్పత్తి, అవశేష సోడియం కార్బొనేటు చూసి నివేదిక పంపుతాము. ఆ నీటిలో ఏ ప్రాణి బ్రతుకుతున్నదని అడగము. పైగా పొలంలో చల్లే కషాయాలలో సబ్బుపొడి కలపమని రైతుకు చెబుతున్నది మనమే. కనుక ఈ విషయం మన శాస్త్రానికి వెలుపలిది అనుకోవడానికి వీలులేదు.

పొడిలో ఏమున్నది

చౌకరకం ఉతుకుడు పొడిలో మురికిని వదిలించే అసలు పదార్థం, అనగా సర్ఫాక్టెంటు, సాధారణంగా పదోవంతు నుంచి ఐదోవంతు వరకు ఉంటుంది. మిగిలినది బట్టల సోడా, సోడియం సల్ఫేటు, సోడియం సిలికేటు, కొన్నింటిలో ఫాస్ఫేటు లేదా జియొలైటు, స్వల్పంగా ఎంజైములు, తెల్లదనం కోసం ప్రకాశకాలు, సువాసన. చాలా పొట్లాల మీద ఈ నిష్పత్తులు ముద్రించబడవు. మన దేశంలో అత్యధికంగా వాడే సర్ఫాక్టెంటు లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనేటు. దీనికి కొంత చరిత్ర ఉన్నది.

1950 దశకంలో ఐరోపా, అమెరికా దేశాలలో వాడిన సర్ఫాక్టెంట్ల కార్బన్ గొలుసు కొమ్మలు కొమ్మలుగా ఉండేది. బాక్టీరియా దానిని త్వరగా విడగొట్టలేకపోయింది. నదుల మీద, మురుగు శుద్ధి కేంద్రాల మీద నురగ కొండలుగా పేరుకున్నది. పశ్చిమ జర్మనీ 1961లో చట్టం చేసింది. అమెరికా పరిశ్రమ 1965 నాటికి కొమ్మలు లేని, తిన్నని గొలుసు గల సల్ఫోనేటుకు మారింది. రసాయన పరిశ్రమ తన తయారీని ప్రకృతి జీర్ణశక్తికి అనుగుణంగా మార్చుకున్న మంచి ఉదాహరణలలో ఇది ఒకటి. దానిని తక్కువ చేసి చెప్పనక్కరలేదు. ప్రాణవాయువు పుష్కలంగా అందే శుద్ధి కేంద్రంలో ఈ పదార్థంలో అత్యధిక భాగం విచ్ఛిన్నమైపోతుంది.

అయితే ఈ విజయానికి మూడు షరతులున్నాయి: ప్రాణవాయువు ఉండాలి, తగిన బాక్టీరియా ఉండాలి, వాటికి వ్యవధి ఉండాలి. ప్రాణవాయువు లేని బురదలో ఈ సల్ఫోనేటు చెప్పుకోదగినంతగా విచ్ఛిన్నం కాదు. సేంద్రియ పదార్థానికి అంటిపెట్టుకొని అక్కడే నిలుస్తుంది. మన పల్లెల మురుగు నీటికి శుద్ధి కేంద్రమన్నదే లేదు. సిమెంటు కాలువలో అరగంట ప్రయాణించి నేరుగా చెరువు ఒడ్డుకు చేరుతుంది. కనుక ‘జీవవిచ్ఛిన్నశీలం’ అన్న మాట పొట్లం మీద నిజమే అయినా, చెరువు మూల వద్ద, ఆ గడియలో, అది నిజం కాకపోవచ్చు.

చిన్న ప్రాణికి జరిగే హాని

సర్ఫాక్టెంటు అణువుకు ఒక కొస నీటిని, మరొక కొస కొవ్వును ఇష్టపడుతుంది. బట్ట మీది జిడ్డును పట్టి లాగే గుణం ఇదే. ప్రాణికోటి కణత్వచం కూడా కొవ్వు పొరే. చేప మొప్పల మీది పలుచని పొర, డాఫ్నియా వంటి చిన్న ప్రాణి శ్వాసించే ఉపరితలం, నత్తగుడ్లను కప్పి ఉంచిన జిగురు, వీటికి బట్ట మీది జిడ్డుకు తేడా ఏమిటో ఆ అణువుకు తెలియదు. గొలుసులో కార్బన్ల సంఖ్య పెరిగినకొద్దీ విషతీవ్రత పెరుగుతుంది. పది కార్బన్ల గొలుసు గల సల్ఫోనేటు డాఫ్నియాలలో సగాన్ని స్తంభింపజేయడానికి లీటరుకు పదుల మిల్లీగ్రాములు కావాలి. పధ్నాలుగు కార్బన్లది సుమారు ఒక మిల్లీగ్రాము చాలు. విపణిలో దొరికే మిశ్రమంలో గొలుసు సగటు పొడవు పదకొండు, పన్నెండు కార్బన్ల మధ్య ఉంటుంది కనుక దాని విషస్థాయి లీటరుకు కొన్ని మిల్లీగ్రాముల వద్ద నిలుస్తుంది. నేల తుడిచే ద్రవాలలో, క్రిమిసంహారకాలలో ఉండే ధనావేశ సర్ఫాక్టెంట్లు వీటికంటె తీవ్రమైనవి. వాటిలో పలు రకాలు ఒక మిల్లీగ్రాము లోపే పనిచేస్తాయి.

రెండవ హాని నీటి పైపొరకు సంబంధించినది. శుద్ధమైన నీటి తలతన్యత 25 డిగ్రీల వద్ద మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. చిక్కని సబ్బునీటిలో ఇది సగానికంటె తక్కువకు పడిపోతుంది. నీటి మీద నడిచే పురుగులు ఈ తన్యత మీదనే నిలుస్తాయి. వరి శాస్త్రజ్ఞులకు మైక్రోవీలియా సుపరిచితమే. దుబ్బు నుంచి నీటి మీద పడిన సుడిదోమ పిల్లపురుగులను పట్టి తినే ఈ చిన్న నల్లి జీవితమంతా నీటి పైపొర మీదనే గడుస్తుంది. ఊరి మురుగును నేరుగా మడిలోకి మళ్లించే చోట ఈ మిత్రపురుగు సంఖ్య ఎలా ఉన్నదన్నది మన కీటకశాస్త్ర విభాగాలు చూడదగిన ప్రశ్న. పైపొర మీద చేరిన సర్ఫాక్టెంటు గాలిలోని ప్రాణవాయువు నీటిలోకి కరిగే వేగాన్ని కూడా తగ్గిస్తుంది.

ఈ గుణాన్ని మనం తెలిసే వాడుకుంటున్నాము. చేపపిల్లల నర్సరీ చెరువులలో గుడ్డుపిల్లలను వదలడానికి ముందు వాటిని తినే నీటిపురుగులను చంపడానికి హెక్టారుకు 56 కిలోల నూనె, 18 కిలోల చౌకరకం బట్టల సబ్బు కలిపి చిలికిన మిశ్రమాన్ని నీటి మీద చల్లడం మత్స్యశాస్త్ర పాఠ్యపుస్తకాలలోని సిఫార్సు. నూనెపొర పురుగుల శ్వాసనాళాలను మూసివేస్తుంది. సబ్బు ఆ నూనెను పలుచగా పరచడానికి తోడ్పడుతుంది. అక్కడ మనకు కావలసిన ఫలితమే ఊరిచెరువులో కోరకుండా వస్తే దానిని గుర్తించడానికి ఎందుకు జంకాలి?

మేత పెరిగి, మేసేవి తగ్గి

చెరువు నీరు పచ్చబడిందని రైతులు, మత్స్యకారులు చెప్పినప్పుడు మనం భాస్వరాన్ని తలచుకుంటాము. ఆ తలంపు సరైనదే. 1973లో కెనడాలోని అంటారియోలో 226వ నంబరు సరస్సును తెరతో రెండుగా విభజించి, ఒక భాగంలో కర్బనం, నత్రజని, రెండవ భాగంలో వాటితో పాటు భాస్వరం చేర్చగా, భాస్వరం చేరిన భాగమే పచ్చని శైవలాలతో నిండిపోయింది. ఆకాశం నుంచి తీసిన ఆ సరస్సు ఛాయాచిత్రం డిటర్జెంట్ల మీద జరిగిన వాదనను చాలావరకు ముగించింది. ఐరోపా సమాఖ్య 2013 జూన్ 30 నుంచి గృహ ఉతుకుడు పొడులలో భాస్వరానికి పరిమితి విధించింది. మన చెరువులలోకి చేరే భాస్వరంలో మలమూత్రాల వాటా, పేడ వాటా, మనం దఫదఫాలుగా వేయించే డి.ఎ.పి. వాటా ఉన్నాయి. డిటర్జెంటు ఒక్కదాని మీద నెపం పెట్టడం న్యాయం కాదు.

డిటర్జెంటు ప్రత్యేకత మరొక చోట ఉన్నది. భాస్వరం శైవలాలను పెంచుతుంది. ఆ శైవలాలను మేసేవి డాఫ్నియా, మొయినా, సీరియోడాఫ్నియా, రొటిఫెర్లు. ఒక్కొక్క డాఫ్నియా రోజంతా నీటిని వడగట్టుతూ శైవల కణాలను తింటుంది. ఇవి సమృద్ధిగా ఉన్న చెరువు, కొంత భాస్వరం చేరినప్పటికీ, తేటగానే ఉండగలదు. సర్ఫాక్టెంటు ఈ మేసేవాటి సంఖ్యను తగ్గిస్తుంది. అంటే ఒకే కాలువలో వచ్చే నీరు చెరువులో మేతను పెంచుతుంది, మందను పలుచన చేస్తుంది. గడ్డి పెరిగి పశువులు తగ్గిన బీడు ఏమవుతుందో మనకు తెలుసు. చెరువులో కూడా అదే జరుగుతుంది: శైవలాలు చచ్చి కుళ్లుతాయి, తెల్లవారేసరికి ప్రాణవాయువు తగ్గుతుంది, చేపలు నీటి మీదికి వచ్చి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు అందరూ చేపను చూస్తారు. బొచ్చె పిల్లకు తొలినాళ్ల ఆహారమైన జంతుప్లవకాలు అంతకు ఎన్నో వారాల ముందే తగ్గిపోయి ఉండవచ్చు. వాటిని లెక్కపెట్టినవారు లేరు.

బెంగళూరు బెళ్లందూరు చెరువు, దిల్లీ వద్ద యమున నురగతో కప్పబడినప్పుడు పత్రికలన్నీ రాశాయి. నురగ రావడానికి నీరు పైనుంచి పడాలి, కదలాలి. కదలని ఊరిచెరువులో అదే పదార్థం ఉన్నా నురగ కనిపించదు. వార్త కూడా కాదు.

ఒక చిన్న లెక్క

విద్యార్థులు తమ ఊరికి అన్వయించుకొని చూడడానికి వీలుగా ఒక ఊహాత్మక లెక్క చెబుతాను. 300 గడపల ఊరు. ఇంటికి నెలకు 2 కిలోల పొడి, సబ్బు కలిపి ఖర్చవుతాయనుకుందాము. అందులో సర్ఫాక్టెంటు 15 శాతం అనుకుంటే ఇంటికి నెలకు 300 గ్రాములు, రోజుకు 10 గ్రాములు. ఊరంతటికీ రోజుకు 3 కిలోలు.

ఇంటిలో నలుగురు, మనిషికి జల జీవన్ మిషన్ ప్రమాణం ప్రకారం 55 లీటర్లు చొప్పున రోజుకు 220 లీటర్ల నీరు వాడి వదిలితే, మురుగు కాలువలో సర్ఫాక్టెంటు లీటరుకు సుమారు 45 మిల్లీగ్రాములు. అక్టోబరులో చెరువు పది ఎకరాలు, అనగా 4 హెక్టార్ల మేర, సగటున మీటరున్నర లోతున నిండి ఉంటే అందులో 6 కోట్ల లీటర్ల నీరున్నది. రోజువారీ 3 కిలోలు అందులో సమంగా కలిసిపోతే లీటరుకు 0.05 మిల్లీగ్రాము. ఇది చెప్పుకోదగినది కాదు. బాక్టీరియా దానిని సులభంగానే జీర్ణం చేసుకుంటుంది. ఏప్రిల్ వచ్చేసరికి అదే చెరువు రెండు ఎకరాలకు కుదించుకొని అర మీటరు లోతున ఉంటే నీరు 40 లక్షల లీటర్లు. అదే 3 కిలోలు ఇప్పుడు లీటరుకు 0.75 మిల్లీగ్రాము, రోజుకు. ఇందులో కొంత నాటికి నాడే విచ్ఛిన్నమవుతుంది. కాని వేసవి చెరువులో అడుగుబురద ప్రాణవాయువు లేనిది, నీరు వేడిది, చేరిక ఆగనిది. మురుగు కాలువ నోటి వద్ద పది రెట్లు పలుచనైన నీటిలో సైతం లీటరుకు 4 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. అది డాఫ్నియా పరీక్షలలో హాని కనిపించే స్థాయి.

త్రాగునీటికి మన జాతీయ ప్రమాణం ఋణావేశ డిటర్జెంట్ల ఆమోదయోగ్య పరిమితిని లీటరుకు 0.2 మిల్లీగ్రాముగా, వేరే వనరు లేనప్పుడు 1.0 మిల్లీగ్రాముగా నిర్ణయించింది. సాగునీటి నివేదికలో అటువంటి గడి మనకు లేదు. లెక్కలోని అంకెలు ఊరూరికీ మారుతాయి. చెరువు విస్తీర్ణం, నెల, మురుగు దారి, ఈ మూడూ పొట్లం మీది పేరుకంటె ముఖ్యమైనవన్న నిర్ధారణ మాత్రం మారదు.

చలిదేశపు ప్రాణి, మన చెరువు

పైన చెప్పిన విషస్థాయులలో అధికభాగం డాఫ్నియా మాగ్నా మీద చేసిన పరీక్షలవి. అంతర్జాతీయ పద్ధతి ప్రకారం పుట్టి 24 గంటలు దాటని పిల్లలను, ఒక్కొక్క మోతాదుకు కనీసం ఇరవై చొప్పున, 18 నుంచి 22 డిగ్రీల వద్ద 48 గంటలు ఉంచి, కదలిక ఆగినవాటిని లెక్కిస్తారు. పద్ధతి పటిష్ఠమైనది. దానితో నాకు తగవు లేదు. కాని మన చెరువు ఏప్రిల్‌లో 22 డిగ్రీలు ఎక్కడ ఉంటుంది? ఉష్ణోగ్రత పెరిగినప్పుడు ఈ ప్రాణుల శ్వాసక్రియ వేగం పెరుగుతుంది, నీటిలో కరిగిన ప్రాణవాయువు తగ్గుతుంది, విషానికి తట్టుకునే శక్తి సాధారణంగా క్షీణిస్తుంది. మన నీటిలో ఉండేవి మొయినా, సీరియోడాఫ్నియా, డయాఫనోసోమా వంటి చిన్న జాతులు. వాటి మీద 30 డిగ్రీలకు పైన చేసిన పరీక్షలు మన నిర్ణయాలకు ఆధారం కావాలి.

స్నాతకోత్తర సిద్ధాంత వ్యాసాల విషయంలో ఒక మాట చెప్పక తప్పదు. తొట్టెలో చేపలు వేసి, డిటర్జెంటు పోసి, 96 గంటలలో ఎన్ని చచ్చాయో లెక్కపెట్టడం మనకు సులభమైన అంశమైపోయింది. ఈ పద్ధతితో చేప చస్తుందని మరొకసారి నిరూపించడం వలన కొత్తగా తెలిసేది స్వల్పం. చావని మోతాదులో ఏమి జరుగుతున్నదన్నది అసలు ప్రశ్న. మొయినా ఎన్ని పిల్లలను పెడుతున్నది, నత్త జిగురుముద్దలోని గుడ్లలో ఎన్ని పొదుగుతున్నాయి, తూనీగ పిల్లపురుగు ఎర పట్టే వేగం తగ్గిందా? 21 రోజుల సంతానోత్పత్తి పరీక్షలలో, ప్రాణి చచ్చే మోతాదుకంటె బాగా తక్కువలోనే పిల్లల సంఖ్య తగ్గుతుంది. చెరువుకు కావలసిన సమాచారం అది.

మన సిఫార్సులలోని సబ్బుపొడి

వేపగింజల కషాయంలో, పిండినల్లి నివారణ ద్రావణాలలో, తెల్లదోమ మీద చల్లే వేపనూనెలో సబ్బుపొడి కలపమని మన కరపత్రాలు చెబుతూ వచ్చాయి. మైనపు పొర గల పురుగు మీద ద్రావణం అంటుకోవడానికి, నూనె నీటిలో కలవడానికి ఇది అవసరమే. లీటరుకు ఒక గ్రాము చొప్పున ఎకరాకు 200 లీటర్లు చల్లితే పోయేది 200 గ్రాముల పొడి, అందులో సర్ఫాక్టెంటు 30 గ్రాములు. అయిదు సెంటీమీటర్ల నీరు నిలిచిన ఎకరం వరిమడిలో సుమారు 2 లక్షల లీటర్ల నీరుంటుంది. చల్లినదంతా నీటిలో పడినా లీటరుకు 0.15 మిల్లీగ్రాము మాత్రమే. కనుక సిఫార్సు మోతాదులో చల్లిన సబ్బుపొడి మడిలోని ప్రాణులకు పెద్ద ప్రమాదమని నేను అనను. ఇళ్ల మురుగుతో పోల్చితే ఇది చిన్నది.

నా అభ్యంతరాలు వేరు. మొదటిది, ‘కొంచెం సబ్బుపొడి కలపండి’ అని రాయడం. ఆ కొంచెం ఒక రైతుకు చెంచా, మరొకరికి గుప్పెడు. రెండవది శాస్త్రీయమైనది. ఉతుకుడు పొడి నీటిలో కరిగితే బట్టల సోడా వలన ద్రావణం గట్టి క్షారమవుతుంది. వేపలోని అజాడిరక్టిన్ స్వల్ప ఆమ్లస్థితిలో నిలకడగా ఉండి క్షారంలో త్వరగా చెడిపోతుంది. మలాథియాన్ వంటి మందులకు కూడా క్షారం పడదు. రైతు పది కిలోల వేపగింజలు దంచి, రాత్రంతా నానబెట్టి, వడగట్టి తెచ్చిన కషాయాన్ని మన సలహా మేరకు కలిపిన పొడి బలహీనపరచే అవకాశం ఉన్నది. పొడికి బదులు సోడా లేని ద్రవరూప అంటుకునే మందు, లేదా కుంకుడుకాయ రసం, గ్రాములలో లేక మిల్లీలీటర్లలో మోతాదు చెప్పి, పిచికారీకి ముందు మాత్రమే కలపమని రాయాలి. మూడవది, పిచికారీ డబ్బాను కాలువలో ముంచి కడగడం. డబ్బాలో మిగిలిన పురుగుమందు, సర్ఫాక్టెంటు రెండూ ఒకేసారి, ఒకేచోట పడతాయి. కణత్వచాన్ని సడలించే పదార్థంతో కలిసినప్పుడు మందు ప్రాణి శరీరంలోకి సులభంగా చొరబడుతుంది. కడిగిన నీటిని గట్టు మీద పోయించడం మన క్షేత్ర ప్రదర్శనలలోనే అలవాటు కావాలి.

కుంకుడుకాయ అన్నాను కనుక మరొక అపోహను కూడా చెప్పాలి. సహజమైనది కాబట్టి ప్రమాదం లేదనడం తప్పు. కుంకుడులోని సాపోనిన్లు చేపలకు, నత్తలకు విషం. చేపల చెరువులో అవాంఛిత చేపలను చంపడానికి హెక్టారుకు 2,000 నుంచి 2,500 కిలోలు వేసే ఇప్పపిండి పనిచేసేది కూడా సాపోనిన్ వలననే. ఆ విషం రెండు, మూడు వారాలలో తొలగిపోతుంది కనుక మనం దానిని మెచ్చుకుంటాము. మోతాదు, వ్యవధి, చోటు, ఇవే రెండింటికీ కొలమానాలు.

ఎవరిని ఆపాలి

చెరువు పాడైనదన్న మాట రాగానే గ్రామసభలో మొదట వినిపించే తీర్మానం చాకిరేవును మూయించడం. ఇది అన్యాయం, పైగా తప్పు నిర్ధారణ. ఇంటింటికీ కుళాయి నీరు వచ్చాక ఉతకడం చాలావరకు చెరువుగట్టు నుంచి పెరటిలోకి మారింది. బట్టలు ఇంటికి చేరాయి, సబ్బునీరు మాత్రం సిమెంటు కాలువ వెంట మునుపటి చెరువుకే పోతున్నది. మునుపు ఒకటి రెండు రేవుల వద్ద చేరినది ఇప్పుడు 300 గడపల నుంచి ఒకే గొట్టంలో చేరుతున్నది. రజక వృత్తిదారుల పది బండలను తొలగించి ఆ గొట్టాన్ని అలాగే ఉంచే తీర్మానానికి విస్తరణ శాస్త్రవేత్త శాస్త్రం పేరిట వంతపాడకూడదు.

ఆపవలసినది గొట్టాన్నే, లేదా దాని దారిలో నీటిని కొంతకాలం నిలపాలి. ఎర్రనేలలలో ఇంటికి ఒక ఇంకుడు గుంత బాగానే పనిచేస్తుంది. గాలి ఆడే పైనేలలో ఈ సల్ఫోనేటు కొన్ని వారాలలో విచ్ఛిన్నమవుతుంది కనుక పూడిక తీసి పొలాలకు తోలిన చెరువుమట్టి విషయంలో కూడా దీనిని గురించి ఆందోళన అక్కరలేదు. నల్లరేగడిలో కథ వేరు. సబ్బునీటిలోని సోడియం బంకమట్టి రేణువులను విడగొట్టి రంధ్రాలను మూసివేస్తుంది. రెండేళ్లలో గుంత నిండి పొంగుతుంది, జనం దానిని పూడ్చేస్తారు. అక్కడ కాలువ చివర మెట్టతామర, జమ్ము నాటిన కంకరపడక మేలు. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఇటువంటి కృత్రిమ చిత్తడి పడకలను గ్రామస్థాయిలో ప్రయత్నించి, శుద్ధమైన నీటిని పంటలకు వాడి చూశారు. వేళ్ల చుట్టూ చేరే ప్రాణవాయువు, బాక్టీరియా, ఒకటి రెండు రోజుల నిలువ, ఇవి కలిస్తే పైన చెప్పిన మూడు షరతులూ తీరుతాయి. పెరటిలో అరటి, మెట్టతామర ఉన్న ఇల్లు చిన్న ఎత్తున ఈ పనే చేస్తున్నది. అయితే ఆ మట్టికి ఏటా కొంత జిప్సం, పశువుల ఎరువు వేయమని చెప్పడం మన బాధ్యత.

విద్యార్థులకు పని

దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. ప్రతి ఏరువాక కేంద్రం, ప్రతి కృషి విజ్ఞాన కేంద్రం తన పరిధిలో ఒక చెరువును ఎంచుకొని అక్టోబరు, జనవరి, ఏప్రిల్ నెలలలో మూడు చోట్ల నీరు తీయవచ్చు: మురుగు కాలువ నోరు, చెరువు నడుమ, తూము వద్ద. ప్లవకాల వల, చేతి భూతద్దం, సాధారణ సూక్ష్మదర్శిని, సర్ఫాక్టెంటు కొలతకు మిథిలీన్ బ్లూ పరీక్ష చాలు. మొయినాను కుండలో పేడనీటితో, ఈస్టుతో వారంలో పెంచవచ్చు. మూడు చోట్ల నుంచి తెచ్చిన నీటిలో ఇరవైయేసి పిల్లలను గది ఉష్ణోగ్రత వద్ద వదిలి, రెండు రోజుల తరువాత కదిలేవాటిని లెక్కిస్తే ఆ ఊరి గ్రామసభకు చూపగల ఫలితం చేతికి వస్తుంది. అంకెను నమ్మని సర్పంచి సైతం రెండు గాజుగ్లాసులను పక్కపక్కన పెట్టి చూపిస్తే నమ్ముతాడు.

నమూనా తీసేవారికి ఒక్క సూచన. వేసవిలో తెల్లవారకముందే చెరువు వద్దకు వెళ్లాలి. ఎండ ఎక్కేసరికి జంతుప్లవకాలు చాలావరకు అడుగుకు దిగిపోతాయి. మధ్యాహ్నం పైనీటిని తీసి, వల ఖాళీగా ఉన్నదని చూసి, దానిని డిటర్జెంటు ఖాతాలో రాసుకునే ప్రమాదం ఉన్నది.